హమీద్ చేతిలో చిమ్టా, మా చేతిలో రేవడీ

ప్రేమ్‌చంద్ రాసిన 'ఈద్గా' కథ మా వాళ్ళ ఇళ్ళలో ఎందరికి తెలుసో చెప్పలేంగాని, పదో తరగతి హిందీ వాచకంలో దాన్ని చదువుకున్న తెలుగు పిల్లలకు మాత్రం బాగా తెలుసు. హమీద్ గుణాలేమిటని అడిగితే గైడులోని జవాబు గడగడా అప్పజెప్తారు. త్యాగం, వివేకం, నానమ్మ మీద ప్రేమ. ఆ మూడు మాటలు రాస్తే మార్కులు పడతాయి. మేం ఆ కథను బడికంటే ముందు ఇంట్లో, ఉర్దూలో విన్నాం. అబ్బా పైకి చదువుతుంటే మా దాదీ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతూ వినేది. త్యాగం అనే మాట ఆ ఇంట్లో ఎవరూ అన్నట్టు గుర్తు లేదు. హమీద్ చిమ్టా భుజాన వేసుకున్న చోటికి రాగానే దాదీ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు ఎందుకో మాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

1933లో అచ్చయిన కథ అది. నాలుగైదేళ్ళ పిల్లవాడు హమీద్. తండ్రి కలరాతో పోయాడు. తల్లి పసుపుపచ్చగా పాలిపోయి ఆమే పోయింది. నాన్న డబ్బు సంపాదించడానికి వెళ్ళాడనీ, అమ్మ అల్లా ఇంటినుంచి మంచి మంచి వస్తువులు తేవడానికి వెళ్ళిందనీ వాణ్ణి నమ్మించారు. ఇంట్లో మిగిలింది దాదీ అమీనా ఒక్కతే. ఈద్ రోజున ఆ ఇంట్లో ఉన్న డబ్బంతా రెండణాలు. మూడు పైసలు హమీద్ జేబులో, అయిదు పైసలు ముసలమ్మ సంచిలో. కాళ్ళకు చెప్పులు లేవు. ఊరి పిల్లలతో కలిసి మూడు కోసుల దూరం ఈద్గాకు నడిచి వెళ్తాడు. మహమూద్ జేబులో పన్నెండు పైసలు, మొహ్‌సిన్ జేబులో పదిహేను. వాళ్ళు రంగులరాట్నం ఎక్కుతారు, మట్టి బొమ్మలు కొంటారు, మిఠాయిలు తింటారు. హమీద్ మూడు పైసలూ పెట్టి చిమ్టా కొంటాడు. మన పట్టకారు. రొట్టెలు కాల్చేటప్పుడు దాదీ వేళ్ళు పెనానికి అంటుకుని కాలుతున్నాయి కాబట్టి.

ఇంతవరకే చెప్పి ఆపేస్తే గైడు రాసిందే నిజం. కాని కథ ఇంతవరకే లేదు.

హమీద్‌కు బొమ్మలు అక్కర్లేదని ప్రేమ్‌చంద్ ఎక్కడా అనలేదు. మట్టి బొమ్మలు కిందపడితే పగిలిపోతాయని హమీద్ నోటితో అంటాడు. కళ్ళు మాత్రం వాటి మీదే ఉంటాయి. ఒక్కసారి చేతిలో పట్టుకోవాలని ఉంటుంది వాడికి. వాళ్ళు ఇవ్వరు. మిఠాయిల దగ్గర మరీ ఘోరం. మొహ్‌సిన్ రేవడీ తీసుకోమని చెయ్యి చాపుతాడు. ఇది వెక్కిరింపేమోనని అనుమానిస్తూనే హమీద్ దగ్గరికి వెళ్తాడు. చెయ్యి చాచేసరికి మొహ్‌సిన్ ఆ నువ్వుల బిళ్ళ తన నోట్లోనే వేసుకుంటాడు. అందరూ చప్పట్లు కొట్టి నవ్వుతారు. హమీద్‌కు ఒళ్ళు మండుతుంది. మిఠాయిలు తిన్నవాళ్ళకు కురుపులు లేస్తాయని మనసులోనే శాపనార్థాలు పెడతాడు. ఇదంతా త్యాగమూర్తి చేసే పనేనా? ఆశ ఉన్నవాడు, ఉడుకుమోతు, పసివాడు. ఆ వయసు పిల్లలెవరైనా అలాగే ఉంటారు. వాడి గొప్పదనమల్లా, ఆశ పడుతూ కూడా తన చేతిలోని మూడు పైసలు వాళ్ళ చూపుల కోసం ఖర్చుపెట్టలేదు. ఆశ చంపుకోవడం వేరు, ఎదుటివాడి ఆశను మన ఆశగా మోయకపోవడం వేరు. పాఠం చెప్పేవాళ్ళు మొదటిదే చెప్తారు. పిల్లలకు కావలసింది రెండోది.

అది వాడికెలా అబ్బింది? మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసే ప్రశ్న ఇదే. అమీనా వాడికి ఏమీ బోధించలేదు. చెప్పులు లేని పిల్లవాడు గుంపులో తప్పిపోతాడేమోనని లోపల కుమిలిపోయింది, అయినా పంపింది. మూడు పైసలు ఇచ్చింది. ఏం కొనాలో, ఏం కొనకూడదో చెప్పలేదు. తోటివాళ్ళను చూసి చెడిపోకు, మనం బీదవాళ్ళం, మన హద్దులో మనం ఉండాలి వంటి మాట ఒక్కటి కూడా ఆమె నోట రాలేదు. ఇనుప సామాన్ల దుకాణం ముందు వాడికి గుర్తొచ్చింది సుద్దులు కాదు, రోజూ పొయ్యి దగ్గర కళ్ళారా చూసిన కాలిన వేళ్ళు. పిల్లవాడు సంతలో తనను తాను పోగొట్టుకోకుండా ఉండడానికి ఇంటినుంచి పట్టుకెళ్ళింది ఆ వేళ్ళనే. మనం పిల్లలకు పొద్దస్తమానం చెప్పే నీతులకు అంత బరువు ఉంటుందా అని మా అనుమానం.

ఇక దాదీ నవ్వు సంగతి. చిమ్టా చూసి పిల్లలంతా ఎగతాళి చేస్తారు. హమీద్ తలవంచుకుని నిలబడడు. తుపాకీలా భుజాన వేసుకుని వస్తాడు. మీ భిష్తీని నేలకేసి కొడితే పక్కటెముకలు విరుగుతాయి, నా చిమ్టాను కొట్టి చూడండి అంటాడు. భుజాన పెడితే తుపాకి, చేత పడితే ఫకీరు చిమ్టా, తాళం వేస్తే వాయిద్యం. చివరికి దాన్ని రుస్తుం-ఎ-హింద్‌ను చేసి కూచోబెడతాడు. ఖంజరీ కొనుక్కున్న సమ్మీ మార్చుకుందామని బతిమాలతాడు. ఇదంతా ఉత్త కోత. వాడు మాటకారి, కొంటెవాడు. మా దాదీ నవ్వింది అందుకే. వీడు మనవాడే, వీడి నోరు వీడి దగ్గరే ఉంది అని. ఉర్దూలో చదివితే ఆ వాదనలో బజారు ఉర్దూ బిగువంతా తెలుస్తుంది. తన భాషలో తాను వాదించగలిగాడు కాబట్టే వాడు గెలిచాడు. పరాయి భాషలో నిలబెట్టి అడిగితే హమీద్ నోరు పెగిలేదా?

గెలిచాక వాడు చేసింది ఇంకా బాగుంది. దీన్ని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఓడిపోయిన పిల్లల మొహాలు చిన్నబోతే, మిమ్మల్ని ఉడికించడానికి అన్నాను, మీ బొమ్మలకు ఈ ఇనప ముక్క సాటి వస్తుందా అని వాళ్ళనే ఓదారుస్తాడు. దారిలో మహమూద్‌కు తండ్రి అరటిపండ్లు ఇస్తే, వాడు హమీద్ ఒక్కడికే పంచిపెడతాడు. అంటే హమీద్ తోటివాళ్ళను వదులుకోలేదు. వాళ్ళలా మారకుండానే వాళ్ళతో కలిసి ఇంటికి నడిచాడు. తోటి పిల్లల ఒత్తిడి అనగానే పిల్లవాణ్ణి వాళ్ళ దగ్గర్నుంచి లాగేసుకోవడం ఒక్కటే మందు అనుకునే తల్లిదండ్రులు ఈ అరటిపండ్ల దగ్గర కాసేపు ఆగాలి.

ఇంతగా మెచ్చుకున్నాక మా పేచీ కూడా చెప్పాలి. హమీద్ ఎదుర్కొన్నది మూడు పైసలకూ పదిహేను పైసలకూ మధ్య తేడాను. ఈద్గాలో చింతచెట్ల నీడన వరసలు కట్టి నమాజు చేసే చోట ఆ తేడా కూడా మాసిపోయిందని ప్రేమ్‌చంద్ మురిసిపోతూ రాశాడు. మొహ్‌సిన్, మహమూద్, నూరే, సమ్మీ, వెక్కిరించినవాళ్ళంతా హమీద్ వాళ్ళే. వాడి పేరు ఎవరికీ వింత కాదు. ఈద్ ఎందుకు చేసుకుంటారని వాణ్ణి ఎవరూ అడగలేదు. ఆ హమీద్‌నే తీసుకొచ్చి మా ఊరి బడిలో, నలభైమంది మధ్య ఒక్కణ్ణే కూచోబెట్టండి. అప్పుడు చిమ్టా ఎంతవరకు పనిచేస్తుందో చూద్దాం.

మా ఇంట్లోంచి ముగ్గురం ఆ బడికి వెళ్ళాం. హాజరు పిలిచేటప్పుడు మా పేర్లు వచ్చేసరికి వెనకబెంచీలో ఒక నవ్వు పుట్టేది. చెడ్డ నవ్వు కాదు, అలవాటు నవ్వు. బడిలో 'అమ్మీ' అనకు, 'అమ్మా' అను అని మా అమ్మీయే నేర్పి పంపింది. డబ్బాలో ఏం ఉందో మూత తీయకుండానే చెప్పాలని పిల్లలు పందెం కాసేవాళ్ళు. కోడిగుడ్డు అట్టు పెట్టిన రోజు కూడా అది ఇంకేదో మాంసమే. కొన్నాళ్ళకు మేం ఉప్మా కావాలని ఇంట్లో పేచీ పెట్టడం మొదలుపెట్టాం. ఉప్మా అంటే మాకు ఇష్టం లేదు. కాని బడిలో ఎవరైనా అడిగితే ఇష్టమనే చెప్పాం. చెప్పీ చెప్పీ, అది ఇష్టమో కాదో మాకే తెలియని స్థితికి వచ్చాం.

1996 మార్చి 9న బెంగుళూరులో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. ఊళ్ళో టీవీ ఉన్న ఒక హోటల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. ఆట మొదలు కాకముందే మా స్నేహితుడొకడు నవ్వుతూ అడిగాడు, "ఒరేయ్, ఇవాళ నువ్వెటు?" వెంకటేష్ ప్రసాద్ ఆమిర్ సొహైల్‌ను బౌల్డ్ చేసినప్పుడు మేం ఎగిరి గంతేశాం. నిజంగానే సంతోషం. కాని ఆ గంతు మధ్యలోనే, ఎవరెవరు చూస్తున్నారో అని మా కళ్ళు వెతికాయి. అందరికన్నా ఒక పిసరు గట్టిగా అరిచాం. మా దేశం గెలిచిన సంతోషం మాకు ఉచితంగా రాలేదు, రుజువు చూపించి తెచ్చుకున్నాం. పక్కవాడు ఊరికే అరిచాడు. మేం సాక్ష్యం చెప్పినట్టు అరిచాం. ఒత్తిడి అంటే మనకు ఇష్టం లేనిది చేయించడం ఒకటే కాదు. ఇష్టమున్నదాన్ని కూడా మనది కాకుండా చేస్తుంది.

హమీద్‌కు ఈ బాధ తెలియదు. ప్రేమ్‌చంద్‌కు పేరు బాధ కొంచెం తెలుసు. ధన్‌పత్‌రాయ్‌గా పుట్టి నవాబ్‌రాయ్ పేరుతో ఉర్దూలో రాశాడు. 1908లో వచ్చిన 'సోజ్-ఎ-వతన్' మీద తెల్లదొరతనం విరుచుకుపడితే ప్రేమ్‌చంద్ అయ్యాడు. పెద్దవాడు, రచయిత, పేరు మార్చుకుని కలం కాపాడుకున్నాడు. ఆరేళ్ళ పిల్లవాడు బడిలో పేరు మార్చుకుంటే ఏం కాపాడుకుంటాడు?

మా కాలం నయమనిపించే రోజులు వచ్చాయి. ప్రేమ్‌చంద్ పుట్టిన రాష్ట్రంలోనే, 2023 ఆగస్టులో, ముజఫర్‌నగర్ జిల్లాలోని ఒక ప్రైవేటు బడిలో ఎక్కాలు నేర్చుకోలేదని ఏడేళ్ళ ముస్లిం పిల్లవాణ్ణి నిలబెట్టి, తోటి పిల్లల చేత ఒకరి తర్వాత ఒకరి చేత చెంపదెబ్బలు కొట్టించింది పంతులమ్మ. మెల్లగా కొట్టినవాణ్ణి గట్టిగా కొట్టమంది. ఆ వీడియో దేశమంతా చూసింది. మర్నెల సుప్రీంకోర్టు కూడా, ఇది నిజమైతే రాజ్యం అంతరాత్మను కుదిపెయ్యాలి అన్నది. అందరూ దెబ్బలు తిన్న పిల్లవాడి గురించే మాట్లాడారు, మాట్లాడాలి కూడా. మాకు మాత్రం మెల్లగా కొట్టిన పిల్లవాడు మనసులోంచి పోడు. వాడికి కొట్టాలని లేదు. కొట్టను అని చెప్పే ధైర్యమూ లేదు. వాడి చేతిని వాడికి కాకుండా చేశారు. లౌకికవాదులైన మా మిత్రులు తమ పిల్లల గురించి ఆలోచించాల్సింది ఇక్కడ. తన మీద తనకు హక్కు పోయిన పిల్లలు ఆ గదిలో ఒక్కడు కాదు, గదినిండా ఉన్నారు.

అదే మిత్రులకు హమీద్ అంటే ఎందుకంత ఇష్టమో కూడా అడగాలి. నోరెత్తడు, ఏమీ కావాలని అడగడు, ముసలమ్మకు పట్టకారు తెస్తాడు. కథలో హమీద్ అలా లేడు, కాని పాఠంలోకి దిగిన హమీద్ అలాగే ఉంటాడు. మంచి ముస్లిం అంటే ఇలా ఉండాలి అన్న కొలత ఒకటి పసివాడి మీద కూడా వేస్తున్నారు. ఇందులో కథకుడి తప్పు బొత్తిగా లేదనలేం. చివర ప్రేమ్‌చంద్ అమీనాను చిన్నపిల్లను చేసి ఏడిపించి, హమీద్‌ను ముసలివాణ్ణి చేసి నిలబెట్టాడు. కళ్ళు చెమర్చే ముగింపే. మేమూ ఏడ్చాం. కాని ఇప్పుడు చదివితే గొంతులో ఏదో అడ్డం పడుతోంది. మా పిల్లలు ముందే ముసలివాళ్ళవుతున్నారు. ఊళ్ళో గొడవ జరిగితే ఏ దారిన ఇంటికి రావాలో తెలిసిన పిల్లలు, ఏ మాట ఎవరి ముందు అనకూడదో తెలిసిన పిల్లలు. వాళ్ళ ముసలితనాన్ని చూసి మనం ఎంత బుద్ధిమంతులో అని మెచ్చుకుంటున్నాం. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' 1999లో పుస్తకంగా వచ్చినప్పుడు మాకు ఊపిరాడినట్టు అనిపించడానికి కారణం ఇదే. అందులో పిల్లవాడు నెల్లూరు తెలుగులో, ఇంటి తురకం కలిపి, తన అల్లరి తాను చెప్పుకుపోతాడు. ఎవరికీ ఆదర్శం కాడు. తన మంచితనానికి రుజువులు చూపించడు. తెలుగు కథలో సాయిబుల పిల్లవాడు పిల్లవాడిగా ఉండడానికి అంతకాలం పట్టింది.

మా ఇళ్ళ సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఈ ఒత్తిడికి భయపడి మేం పిల్లలకు రెండు రకాల మందులు వేస్తున్నాం. కొందరం దాచిపెట్టడం నేర్పుతున్నాం. బస్సులో ఫోనెత్తి సలాం చెప్పకు, డబ్బాలో గుడ్డు వద్దు, పేరడిగితే ముద్దుపేరు చెప్పు. మరికొందరం చూపించడం నేర్పుతున్నాం. గల్ఫ్ నుంచి వచ్చిన పెదనాన్న పిల్లలను చూడు, వాళ్ళెంత దీన్‌దారులో చూడు, నీకు ఒక్క సూరా కూడా సరిగ్గా రాదు. మొదటిది బడి పిల్లల కోసం వేషం. రెండోది బంధువుల పిల్లల కోసం వేషం. నమాజు పిల్లవాడి మనసుకు పట్టి చేస్తే అది వాడిది. మేనత్త కొడుకు చూస్తున్నాడని చేస్తే, మేం క్రికెట్ రోజున వేసిన గంతుకూ దానికీ తేడా ఏముంది? నాజియా ఏరమ్ 'మదరింగ్ ఎ ముస్లిం' పుస్తకంలో పెద్ద నగరాల ఖరీదైన బళ్ళలో ముస్లిం పిల్లలను పాకిస్తానీ అని, టెర్రరిస్టు అని తోటివాళ్ళు పిలవడాన్ని తల్లుల నోట వినిపించింది. ఆ పుస్తకంలో మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది, చాలామంది పిల్లలు ఆ సంగతి ఇంట్లో చెప్పకపోవడం. అమీనా ఇంట్లో కాలిన వేళ్ళు పిల్లవాడికి కనపడేవి. మా ఇళ్ళలో కాలినవి మేం వాళ్ళకు చూపించం, వాళ్ళకు కాలినవి వాళ్ళు మాకు చూపించరు.

మా ముగ్గురిలో పెద్దవాడు ఈమధ్య తన కూతురికి మా కోడిగుడ్డు అట్టు కథ చెప్పాడు. ఏడో తరగతి పిల్ల. నవ్వింది. తర్వాత చాలాసేపటికి, తన బడిలో తనను ఏమంటారో చెప్పింది. మూడేళ్ళుగా అంటున్నారట.

రేవడీ మాట మిగిలిపోయింది. ఇది రాయకుండా ముగిస్తే హమీద్ గురించి రాసే హక్కు మాకు లేదు.

మా వాడలో ఒక దూదేకుల ఇల్లు ఉండేది. తండ్రి పరుపులు కుట్టేవాడు. ఆ ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు. వాళ్ళబ్బాయి మాకన్నా రెండేళ్ళు చిన్న. బడిలో వాడూ మాలాగే తురకోడే. ఆ తిట్టు మా ఇద్దరికీ సమానంగా పంచేవాళ్ళు. కాని ఈద్ రోజున నమాజయ్యాక మైదానంలో మాదే రాజ్యం. అక్కడ నలభైమందిలో ఒక్కణ్ణి కాదు మేం, నలభైమందిమీ మేమే. వాడు కొత్త లాల్చీ వేసుకుని మా గుంపు దగ్గరికి వచ్చేవాడు. ఉర్దూలో ఏదో అడిగేవాళ్ళం. వాడు తెలుగులో జవాబు చెప్పగానే నవ్వేవాళ్ళం. తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా అని, తెలుగువాళ్ళు మా అందరి మీదా విసిరే సామెతను వాడి మీదికి మళ్ళించేవాళ్ళం. తెలుగు సామెతను, ఉర్దూ రాని నేరానికి, ఉర్దూ పిల్లలం వాడాం. ఒక ఈద్‌కు, కలిమా చెప్తే ఆటలో చేర్చుకుంటామన్నాం. చెప్పాడు. తప్పు లేకుండా చెప్పాడు. అయినా ఉచ్చారణ బాగాలేదని అన్నాం. ఎవరు అన్నారో ఇప్పుడు ముగ్గురం మూడు రకాలుగా చెప్పుకుంటాం. చప్పట్లు మాత్రం అందరం కొట్టాం.

వాడు ఆ రోజు ఏడవలేదు. చిమ్టా లాంటిదేమీ వాడి దగ్గర లేదు, వాదించనూ లేదు. ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఈద్ మైదానానికి నమాజు కోసం మాత్రమే వచ్చేవాడు, చివరి వరసలో నిలబడి, సలాం తిప్పగానే వెళ్ళిపోయేవాడు. బడిలో మమ్మల్ని ఏడిపించిన పిల్లలను మేం పేరుపేరునా గుర్తుపెట్టుకున్నాం. వాడు ఎవర్ని గుర్తుపెట్టుకున్నాడో అడిగే మొహం మాకు లేదు.

ఇప్పుడు వాడికి అదే ఊళ్ళో, బస్టాండు దగ్గర, పరుపుల దుకాణం ఉంది. ఈద్‌కు మేం ఊరు వెళ్తే, ప్రతిసారీ స్టీలు డబ్బాలో షీర్‌ఖుర్మా పంపిస్తాడు. తెచ్చేది వాళ్ళ చిన్నబ్బాయి. గుమ్మం దగ్గరే నిలబడి, డబ్బా ఇచ్చి, "నాయన ఇమ్మన్నాడు" అని తెలుగులో చెప్పి వెళ్ళబోతాడు. పోయిన ఈద్‌కు మా అన్న కూతురు వాణ్ణి ఆపి, లోపలికి రమ్మని, ఏం చదువుతున్నావని తెలుగులోనే అడిగింది. మేం లోపలి గదిలోంచి విన్నాం. బయటికి రాలేదు.